కొత్త మోడల్ కత్తికి ముందే డబ్బు కట్టేముందు నా వేలు చూడండి

ఆరు వేల ఎనిమిది వందలు పోయాయి. కుడిచేతి చూపుడు వేలికి మూడు కుట్లు పడ్డాయి. డబ్బు పోయింది మోసంతో, వేలు తెగింది నా తొందరతో. మన జిల్లాలో కత్తుల పిచ్చి ఉన్నవాళ్ళు తక్కువే, కానీ ఉన్నవాళ్ళందరం ఒకే రకం ఫోటోలు చూస్తాం, ఒకేలా ఆశపడతాం. అందుకే రాస్తున్నా.

మన సంవత్సరం ఎలా నడుస్తుందో మీకు తెలుసు. జనవరిలో లాస్ వేగస్‌లో తుపాకులు, వేట సామాన్ల ప్రదర్శన షాట్ షో, ఆ తర్వాత జర్మనీలో న్యూరెంబర్గ్ ప్రదర్శన, వేసవిలో అట్లాంటాలో కత్తుల ప్రదర్శన బ్లేడ్ షో. అక్కడ అద్దాల బల్లల మీద పెట్టిన కొత్త మడత కత్తుల ఫోటోలు ఇక్కడ నెల్లూరు దర్గామిట్టలో నా ఫోన్‌లోకి వస్తాయి. ఏ స్టీలు, ఏ లాకు, పిడికి ఏం వాడారు అని అర్ధరాత్రి దాకా చూస్తా. మా ఆవిడ దీనికి పెట్టిన పేరు ఇక్కడ రాయను. అసలు సంగతేంటంటే, ప్రదర్శనలో పెట్టిన కత్తి అంగడికి రావడానికి నెలలు పడుతుంది, మన దేశానికి రావాలంటే ఇంకా ఆలస్యం. ఆ మధ్య కాలం ఉంది చూశారూ, దొంగ సరుకు అమ్మేవాడికి అదే సీజన్. అసలు కత్తి ఎవరి చేతిలోనూ ఉండదు కాబట్టి పోల్చి చూసే దిక్కు లేదు.

నాకు దొరికిన పేజీలో సరిగ్గా అలాంటి కత్తే ఉంది. జేబులో పెట్టుకునే మూడంగుళాల మడత కత్తి, డీ2 అనే గట్టి రకం స్టీలు, తెరిచిన బ్లేడు మడుచుకోకుండా ఆపే లైనర్ లాక్. దానికి జోడీగా నాలుగంగుళాల ఫిక్స్‌డ్ బ్లేడ్, అంటే మడవని కత్తి, 'ఫుల్ ట్యాంగ్' అని రాసి, ఒరతో సహా. 'స్టాక్ ఇండియాకు వచ్చేసింది, ఇరవై పీసులే ఉన్నాయి, ముందు బుక్ చేసుకున్నవాళ్ళకే' అన్నాడు. ఇంకా బయటే అమ్మకానికి రాని కత్తి వీడి దగ్గరకు ఎలా వచ్చిందని నాకు రావాల్సిన అనుమానం రాలేదు. యూపీఐ కొట్టేటప్పుడు కంపెనీ పేరు కాకుండా ఎవరో మనిషి పేరు కనపడింది. అయినా కొట్టేశా. అవతల పీసులు అయిపోతాయేమోనని ఒకటే టెన్షన్ మరి.

పది రోజులన్న పార్సిల్ ఐదు వారాలకు వచ్చింది. డబ్బా మీద దిగుమతి చేసుకున్నవాడి పేరు లేదు, అడ్రస్ లేదు, ఏ దేశంలో తయారైందో లేదు, ఎమ్మార్పీ లేదు. చట్టం ప్రకారం ఇవన్నీ ఉండాల్సినవి. చూశాను, పట్టించుకోలేదు. ఎందుకంటే కత్తి తీయగానే టక్కుమని తెరుచుకుంది. పిడి మీద గీతలు, స్క్రూలు, బ్లేడు మీద సన్నగా చెక్కిన డీ2 అక్షరాలు, అన్నీ ఫోటోలో ఉన్నట్టే. ఎన్నాళ్ళ నుంచో నా జేబులో ఉండే ఫ్రెంచి మడత కత్తి, ఒపినెల్ ఎనిమిదో నంబరు, దాని పక్కన పల్లెటూరి తాతలా కనపడింది. ఆ తాతకు తర్వాత క్షమాపణ చెప్పుకున్నాననుకోండి.

మొదటి అనుమానం చేపల పులుసు రోజు వచ్చింది. పులుసులోకి మా అమ్మ మామిడికాయ ముక్కలు కోయమంటే, కొత్త మోజు కదా, ఈ మడత కత్తితోనే కోశా. కోసి కడగడం మరిచిపోయి అలాగే పడుకున్నా. నా ఒపినెల్ కార్బన్ స్టీలుది. పచ్చి మామిడికాయ తగిలితే నల్లబడిపోతుంది. పొద్దున లేచి కొత్తదాన్ని చూస్తే చెంచాలా మెరుస్తోంది, ఒక్క మచ్చ లేదు. ముందు సంతోషించా. కాఫీ తాగుతుంటే తట్టింది: అది మెరవకూడదు.

డీ2లో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా, క్రోమియం పన్నెండు శాతం దాకా ఉంటుంది. పన్నెండు శాతం వింటే తుప్పు పట్టదనిపిస్తుంది కానీ, ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది. తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. అందుకే దాన్ని సగం స్టెయిన్‌లెస్ అంటారు. రాత్రంతా మామిడి పులుపులో ఉంటే ఎక్కడో ఒకచోట మచ్చ పడాలి. అస్సలు పడలేదంటే అది చవక స్టెయిన్‌లెస్ అయ్యుండాలి. త్రీసీఆర్13 లాంటి రకాల్లో కార్బన్ 0.3 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. తుప్పు పట్టదు, అంచూ నిలవదు. అయినా మనసు ఒప్పుకోలేదు. పాలిష్ బాగా చేశారేమోలే అని సర్దిచెప్పుకున్నా.

తర్వాతి ఆదివారం పొదలకూరు దగ్గర మా మామ నిమ్మతోటకు వెళ్ళా. డ్రిప్ పైపు ఒకటి కోయాల్సి వచ్చింది. బ్లేడు పైపులో ఇరుక్కుంది. బయటికి లాగుతూ కొంచెం మెలితిప్పానో లేదో, లాక్ జారి బ్లేడు వేలి మీదకు మడుచుకుంది. మామ తువ్వాలు చుట్టి బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారంతా "కొడవలి ఉండగా నీకీ బొమ్మ కత్తులేందిరా" అంటూనే ఉన్నాడు.

లైనర్ లాక్ అంటే పిడి లోపల పక్కగా ఉండే సన్నటి రేకు. బ్లేడు తెరవగానే ఆ రేకు పక్కకు వచ్చి బ్లేడు తోక వెనకాల అడ్డంగా నిలబడాలి. ఇప్పుడు మనం చూసే రూపంలో దాన్ని తీర్చిదిద్దింది మైకేల్ వాకర్ అనే అమెరికన్. రేకు, తోక కలిసే చోట వాలు సరిగ్గా ఉంటేనే పట్టు ఉంటుంది. కాస్త తేడా వచ్చినా, లోహం మెత్తనిదైనా నొక్కినప్పుడు జారుతుంది. నాది తర్వాత లైటు వేసి చూస్తే రేకు చివర ఒక మూల మాత్రమే తగులుతోంది. ఇది మొదటి రోజే చూడాల్సింది. వేళ్ళు బ్లేడు దారిలో లేకుండా పిడి పట్టుకుని, బ్లేడు వీపును మడతపెట్టిన తువ్వాలు మీద మెల్లగా తట్టితే చాలు. ఆ తట్టుకే మడుచుకుంటే ఇక దాన్ని వాడకండి. బలంగా కొట్టే పని లేదు, మంచి కత్తి కూడా దానికి పాడవుతుంది.

కుట్లు విప్పాక రెండు కత్తులూ తీసుకుని పొదలకూరులో కొడవళ్ళు చేసే పెద్దాయన దగ్గరకు వెళ్ళా. ఆయన డీ2 పేరు వినలేదు, వినాల్సిన పని కూడా లేదు. ఆకురాయి తీసి అంచు పక్కన ఒక్క రుద్దు రుద్దాడు. జర్రుమని కోసుకుని పోయింది. "ఏందబ్బాయా ఇది, రేకు డబ్బా కోసి చేసినట్టుండాది. దీనికి పదునే పట్టలా" అన్నాడు. మనం పదును అంటే అంచు అనుకుంటాం. కొలిమి దగ్గర ఆ మాటకు ఇనుమును కాల్చి గట్టిపరచడమని అర్థం. బాగా పదును పట్టిన స్టీలు మీద ఆకురాయి గాజు మీద గోరులా జారిపోతుంది. సరిగ్గా చేసిన డీ2 గట్టితనం రాక్‌వెల్ కొలతలో 58 నుంచి 62 మధ్య ఉంటుంది. దాన్ని ఆకురాయి అంత తేలిగ్గా కొరకలేదు.

ఫిక్స్‌డ్ బ్లేడ్ సంగతి ఇంకా ఘోరం. దాని పిడి అప్పటికే కొంచెం ఊగుతోంది. రబ్బరు తొడుగు కోసి చూపించాడు. ఫుల్ ట్యాంగ్ అంటే బ్లేడు ఇనుమే పిడి చివరిదాకా అదే వెడల్పులో రావాలి కదా. ఇందులో ఎలుక తోకలా సన్నటి పుల్ల, అదీ పిడిలో సగం దాకానే. చుట్టూ జిగురు. ఆ పెద్దాయన నవ్వలేదు, అదొక్కటే నాకు ఊరట. లారీ కమాను పట్టీ తెస్తే దానికన్నా మంచిది చేసిస్తానన్నాడు. తెచ్చే పనిలోనే ఉన్నా.

ఇక అమ్మినవాడు. మొదట 'వీడియో పంపండి సార్' అన్నాడు. పంపా. తర్వాత 'డబ్బా తెరిచేటప్పటి వీడియో కావాలి' అన్నాడు. అది నేను తీయలేదు. ఆ తర్వాత 'ప్రీ బుకింగ్‌కు రిఫండ్ ఉండదు' అన్నాడు. గట్టిగా అడిగితే, దానికి బదులు పదంగుళాల బోవీ కత్తి, అంటే పెద్ద వేట కత్తి, ఫ్రీగా పంపుతానన్నాడు. ఇది మాత్రం అందరూ గమనించండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవుగానీ, 2 అంగుళాల కన్నా వెడల్పుగానీ ఉండి, ఇంటి పనికో, వ్యవసాయానికో, పరిశ్రమకో, శాస్త్రీయ పనులకో చేసినది కాకపోతే అది ఆయుధం కిందికి వస్తుంది. అంటే నా డబ్బు ఎగ్గొట్టి, పైగా నా ఇంటికి పోలీసు కేసును కొరియర్ చేస్తానన్నాడన్నమాట! వద్దన్నా. మర్నాటికి బ్లాక్ చేశాడు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించా. యూపీఐ సంగతి సైబర్ నంబరు 1930కి చెప్పా. అది డబ్బు పోయిన వెంటనే చేయాల్సిన ఫోను, నేను నెలన్నర తర్వాత చేశా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. అమ్మినవాడు ఏ ఊరివాడైనా సరే, నెల్లూరువాళ్ళు నెల్లూరులో, ఒంగోలువాళ్ళు ఒంగోలులో వేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు పేరు, అడ్రస్ చూపించాలని, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. నా చిక్కల్లా ఆ పేజీలో అడ్రసే లేకపోవడం.

కాబట్టి డబ్బు పంపేముందు కత్తి సంగతి కాదు, అమ్మేవాడి సంగతి అడగండి. జీఎస్టీ బిల్లు ఇస్తాడా, దిగుమతి ఎవరి పేరు మీద ఉంది, ఇవాళ్టి తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి కత్తి ఫోటో పంపగలడా. ప్రదర్శనలో తీసిన ఫోటోలే మళ్ళీ మళ్ళీ పంపుతుంటే వాడి దగ్గర కత్తి లేనట్టే. క్యాష్ ఆన్ డెలివరీ ఇవ్వనంటే వదిలేయండి. డబ్బా తెరిచేటప్పుడు, సిగ్గుపడకుండా, వీడియో తీయండి.

అవే ఫోటోలతో, పేరు మాత్రం మార్చుకుని, పోయిన వారం ఇంకో పేజీ కనపడింది. ఈసారి 'ముప్పై పీసులే' అట. మీలో ఎవరైనా ఇప్పటికే కట్టి ఉంటే చాట్ తుడిచేయకండి, యూపీఐ రిఫరెన్స్ నంబరు రాసి పెట్టుకోండి, పార్సిల్ కవర్ పారేయకండి. కొరియర్ కవర్ మీద పికప్ అయిన ఊరు ఉంటుంది. నా కవర్ మా అమ్మ చేపల చెత్తతో పాటు బయట పడేసింది.