బ్రాడీపేట దంత వైద్యశాల: చెయ్యెత్తితే ఆపారు

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్న నేను, కింది దవడ పన్ను పిప్పి పట్టి ఆరు నెలలుగా సలుపుతున్నా, లవంగనూనె అద్దిన దూదితోనూ నొప్పి మాత్రలతోనూ నెట్టుకొచ్చాను. ఇంటర్ చదివే రోజుల్లో మా ఊరి దగ్గర ఒక వైద్యుడు మత్తు సరిగా ఎక్కకుండానే పన్ను పీకి, నేను ఏడిస్తే "అంత నొప్పేం ఉండదు" అని కసిరిన సంగతి మరచిపోలేకపోయాను. మా హాస్టల్ గదిలో ఇంకో ఇద్దరిదీ ఇదే భయం.

గత నెల గుంటూరు బ్రాడీపేటలోని ఒక చిన్న వైద్యశాలకు వెళ్తే, కుర్చీ ఎక్కించకముందే ఐదు ప్రశ్నల కాగితం ఇచ్చారు. రేపు చికిత్స అంటే ఎలా ఉంటుంది, బయట కూర్చున్నప్పుడు, డ్రిల్లు పెట్టేటప్పుడు, పళ్లు శుభ్రం చేసేటప్పుడు, చిగురుకు సూది వేసేటప్పుడు ఎలా ఉంటుందని అడిగి, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేయమన్నారు. 19 గానీ ఆపైన గానీ వస్తే భయం తీవ్రంగా ఉన్నట్టు. నాకు 21 వచ్చాయి. 1969లో నార్మన్ కోరా నాలుగు ప్రశ్నలతో రూపొందించిన కొలమానానికి 1995లో సూది ప్రశ్న చేర్చి సవరించారని డాక్టరుగారు చెప్పారు.

తర్వాత ఆవిడ, "ఎడమ చెయ్యి ఎత్తమ్మా, వెంటనే ఆపేస్తాను" అన్నారు. నిజంగా ఆపుతారా అన్న అనుమానంతోనే మొదటిసారి ఎత్తాను. డ్రిల్లు చప్పుడు ఆగింది, నోట్లోంచి పరికరం బయటికి వచ్చింది, ఎందుకు ఎత్తావని కూడా అడగలేదు. సూదికి ముందు చిగురుకు జెల్ రాసి రెండు నిమిషాలు ఆగారు. పెదవి మొద్దుబారిందని నేను చెప్పాకే పని మొదలుపెట్టారు. చీము పట్టి వాచిన చోట ఆమ్లగుణం పెరిగి మత్తుమందు సరిగా పనిచేయదని ఆవిడ వివరించినప్పుడు, ఇంటర్‌లో నేను పడిన నొప్పి అబద్ధం కాదని మొదటిసారి ఒకరు ఒప్పుకున్నట్టు అనిపించి కళ్లు చెమర్చాయి.

లోపాలు లేకపోలేదు. ఐదింటికి రమ్మని ఆరుంబావుకు పిలిచారు. భయపడేవాళ్లకు ఆ ఎదురుచూపే పెద్ద శిక్ష. పన్ను లోపల పాడైన భాగాన్ని తీసి నింపే రూట్ కెనాల్ ఖర్చు ముందే చెప్పినా, ఆ పన్ను మీద తొడిగే క్యాప్ ఖర్చు రెండోసారి వెళ్లినప్పుడు గానీ చెప్పలేదు. నెల ఖర్చులకు ఇంటివైపు చూసే విద్యార్థులకు మొత్తం లెక్క మొదటి రోజే కాగితం మీద రాసివ్వాలి.

వచ్చే గురువారం క్యాప్ పెట్టించుకోవాలి. మా గదిలో అమ్మాయి ఒకరు నాతో వస్తానంది. ఆమెకు ఆ రోజు పరీక్ష మాత్రమే చేయాలని, సూది వేయవద్దని ఫోనులో అడిగితే సరేనన్నారు.