పెరొవ్‌స్కైట్ క్రిస్టల్స్‌కు లోకల్ హాట్‌ప్లేట్: తీసుకోవచ్చు, కానీ ప్రోబ్ చూసి తీసుకోండి

హన్మకొండలో ల్యాబ్ సామాన్ల షాపుల్లో దొరికే 500 వాట్ల మ్యాగ్నెటిక్ స్టిర్రర్ హాట్‌ప్లేట్, పిఐడి కంట్రోలర్ (వేడిని సెట్ చేసిన చోటే నిలిపే పరికరం) ఉన్న రకం మీద ఈ రివ్యూ. లైట్ డిటెక్టర్ల కోసం మిథైల్ అమోనియం లెడ్ బ్రోమైడ్ అనే పెరొవ్‌స్కైట్ సింగిల్ క్రిస్టల్స్ పెంచే విద్యార్థులకు ఇది ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడ చూశాం.

ఈ పదార్థం డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్) అనే ద్రావకంలో వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతుంది, అందుకే ద్రావణాన్ని వేడి చేస్తే క్రిస్టల్ పెరుగుతుంది. 2015లో సౌదీలోని కింగ్ అబ్దుల్లా యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించిన పద్ధతికి ఆధారం ఇదే. 1 మోలార్ ద్రావణం 10 మి.లీ. కావాలంటే మిథైల్ అమోనియం బ్రోమైడ్ 1.12 గ్రాములు, లెడ్ బ్రోమైడ్ 3.67 గ్రాములు తీసుకోవాలి. కరగడం లేదని హీటర్ వేశారో, పని చెడినట్టే. స్టిర్రర్ ఒక్కటే చాలు, ఈ మెషీన్‌లో అది తక్కువ వేగంలోనూ తడబడకుండా తిరుగుతుంది. తర్వాత 0.22 మైక్రాన్ పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) ఫిల్టర్‌తో వడకట్టండి. సెల్యులోజ్ అసిటేట్ ఫిల్టర్ డీఎంఎఫ్‌లోనే కరిగిపోతుంది.

అసలు లోపం వేడిని కొలిచే ప్రోబ్‌ది. కంపెనీ దాన్ని ప్లేటు కిందే బిగించి ఇస్తుంది. డిస్‌ప్లే 80 డిగ్రీలు చూపిస్తున్నా ద్రావణం ఉన్న వయల్‌లో (చిన్న గాజు సీసాలో) వేడి అంతకు తక్కువే. బయటి పీటీ-100 (ప్లాటినం సెన్సర్) ప్రోబ్‌ను సిలికాన్ ఆయిల్ బాత్‌లో వయల్ పక్కనే వేలాడదీసి, క్రిస్టల్ పెంచేటప్పుడు వాడే మోతాదులోనే ఆయిల్ ఉండగా ఆటోట్యూన్ (కంట్రోలర్ తనను తాను సర్దుకోవడం) చేయాలి. లేదంటే సెట్ చేసిన వేడిని దాటి పైకి పోతుంది. అప్పుడు ఒక్క పెద్ద క్రిస్టల్‌కు బదులు అడుగంతా నూకల్లా చిన్న చిన్న క్రిస్టల్స్ పరుచుకుంటాయి. వయల్ మీద గీతలున్నా, దుమ్ము పడినా ఇదే జరుగుతుంది.

వేడిని తనంతట మెల్లగా పెంచే ర్యాంప్ ప్రోగ్రామ్ లేదు, ఇది పెద్ద లోటు. 60 డిగ్రీల దగ్గర నిలిపి, కొన్ని గంటలకోసారి ఒక్కో డిగ్రీ చేత్తో పెంచుకోవాలి. తొందరపడితే లోపల ద్రావణం చిక్కుకుని క్రిస్టల్ మసకబారుతుంది. అలాంటి దానికి బంగారు ఎలక్ట్రోడ్లు వేసినా డార్క్ కరెంట్ (వెలుతురు లేనప్పుడూ పారే కరెంట్) ఎక్కువ వచ్చే ప్రమాదం ఉంది. నారింజ రంగులో, అక్షరాలు అవతల నుంచి స్పష్టంగా కనిపించే ముక్కనే డిటెక్టర్‌కు వాడండి.

కరెంటు పోతే ఇంకో నష్టం: ఆయిల్ చల్లారేకొద్దీ పెరిగిన క్రిస్టల్ తిరిగి కరిగిపోతుంది. అంచులు గుండ్రబడ్డాయంటే రాత్రి కరెంటు పోయి ఉండొచ్చు. యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగొద్దు. వానాకాలంలో మిథైల్ అమోనియం బ్రోమైడ్ తేమ పీలుస్తుంది, సీసాను డెసికేటర్‌లోనే (తేమ చేరని మూత పాత్రలో) ఉంచి త్వరగా తూచండి.

క్రిస్టల్‌ను వేడి ద్రావణంలోంచి తీయగానే ఫిల్టర్ పేపర్‌తో అద్దండి, చల్లని గాజు మీద పెడితే పగిలే ప్రమాదం ఉంది. డీఎంఎఫ్ చర్మంలోంచి లోపలికి పోతుంది, పైగా ఈ ద్రావణంలో సీసం ఉంది. గ్లవ్స్ మీద చుక్క పడినా వెంటనే మార్చండి, మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయకండి.

కొనేముందు బయటి ప్రోబ్ పెట్టుకునే సాకెట్ ఉందో లేదో షాపులోనే ప్లగ్ పెట్టించి చూడండి. అది లేని మోడల్ ధర ఎంత తక్కువైనా ఈ పనికి వద్దు.