మా క్లస్టర్ల ముందు మూడేళ్లుగా హెచ్ఏప్రాక్సీ

మాకు రెండు కుబర్నెటీస్ క్లస్టర్లు (కస్టమర్ల సైట్లు నడిచే సర్వర్ల గుంపులు) ఉన్నాయి. కస్టమర్లు తమ సొంత డొమైన్లను మా ఐపీకి తిప్పుతారు. ఏ పేరుతో వచ్చిన రిక్వెస్ట్ ఏ క్లస్టర్‌కి పోవాలో మూడేళ్లుగా వాటి ముందు నిలబడే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ హెచ్ఏప్రాక్సీయే చూసుకుంటోంది. మళ్లీ మొదటి నుంచి కట్టమన్నా ఇదే పెడతాను.

నాకు బాగా నచ్చింది మ్యాప్ ఫైల్. లైనుకి ఒక హోస్ట్‌నేమ్, పక్కన బ్యాకెండ్ (రిక్వెస్ట్ పోవాల్సిన క్లస్టర్) పేరు, అంతే. కొత్త కస్టమర్ వస్తే ఒక లైను చేరుతుంది, అసలు కాన్ఫిగ్ జోలికి పోనక్కర్లేదు. రీలోడ్ (ఫైళ్లన్నీ మళ్లీ చదివించడం) లేకుండా, నడుస్తున్న ప్రాక్సీకి ఆదేశాలిచ్చే అడ్మిన్ సాకెట్ ద్వారా కూడా మార్చొచ్చు. అయితే ఆ మార్పు మెమరీలోనే ఉంటుంది, ఫైల్‌లోకి ఎక్కదు. ఒక రాత్రి ఓ కస్టమర్‌ని ఇలాగే కొత్త క్లస్టర్‌కి మార్చి, ఫైల్ సంగతి మర్చిపోయాం. రెండు రోజులకి వేరే పనికి రీలోడ్ చేస్తే ఆ సైట్ మళ్లీ పాత క్లస్టర్‌కి పోయింది. అప్పటినుంచి రెండు చోట్లా ఒకేసారి రాసే స్క్రిప్ట్ లేకుండా సాకెట్‌ని ముట్టుకోం.

అసలు టెన్షన్ పెట్టింది వేరే. మొదట్లో టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ విప్పకుండా, ఎస్ఎన్ఐలో (కనెక్షన్ మొదలుపెడుతూ బ్రౌజర్ సైట్ పేరు చెప్పే చోటు) పేరు చూసి కనెక్షన్‌ని క్లస్టర్‌కి పంపేవాళ్లం. షాప్, అడ్మిన్ అని ఒకే డొమైన్ కింద రెండు పేర్లు, చెరో క్లస్టర్‌లో. రెండింటికీ ఒకటే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్. అడ్మిన్ పేజీ ఉన్నట్టుండి 404 (పేజీ లేదు) ఇచ్చేది. కమాండ్ లైన్ టూల్ కర్ల్‌తో చూస్తే అంతా బాగానే ఉండేది. బ్రౌజర్ మూసి తెరిస్తే సరిపోయేది. రెండు వారాలు లాగ్‌లు తిరగేశాక తెలిసింది: ఐపీ ఒకటే, సర్టిఫికెట్ రెండు పేర్లకీ చెల్లుతుంది కాబట్టి, షాప్ కోసం తెరిచిన హెచ్‌టీటీపీ/2 కనెక్షన్ మీదే బ్రౌజర్ అడ్మిన్ రిక్వెస్ట్ కూడా పంపేస్తోంది. ఎస్ఎన్ఐ చూసేది కనెక్షన్ మొదట్లో ఒక్కసారే. దాంతో అడ్మిన్ రిక్వెస్ట్ షాప్ క్లస్టర్‌లో పడుతోంది. బ్రౌజర్ తప్పేం లేదు, 2015 నాటి హెచ్‌టీటీపీ/2 ప్రమాణమే దీన్ని ఒప్పుకుంటుంది. ఇలా తప్పు చోటికి వచ్చిన రిక్వెస్ట్‌ని తిప్పి పంపడానికే 421 కోడ్ పెట్టింది.

పేరుకో సర్టిఫికెట్ తీసుకున్నా సరిపోయేది. మేం మాత్రం టీఎల్ఎస్‌ని ప్రాక్సీ దగ్గరే విప్పి, ప్రతి రిక్వెస్ట్‌కీ అందులో సైట్ పేరు ఉండే హోస్ట్ హెడర్ చూసేలా మార్చాం. సర్టిఫికెట్ల బాధ్యత మా నెత్తిన పడింది కానీ, ఆ 404 మళ్లీ కనిపించలేదు. హోస్ట్ హెడర్‌ని చిన్న అక్షరాల్లోకి మార్చి, చివర పోర్ట్ నంబర్ ఉంటే కోసేశాకే మ్యాప్‌లో వెతకాలి. హెల్త్ చెక్‌లో (క్లస్టర్ పనిచేస్తోందా అని ప్రాక్సీ అడిగే రిక్వెస్ట్) కూడా హోస్ట్ హెడర్ పంపాలి, లేదంటే క్లస్టర్ గుమ్మంలో ఉండే ఇంగ్రెస్ 404 ఇస్తుంది, నిక్షేపంలా ఉన్న క్లస్టర్ డౌన్ అని చూపిస్తుంది.

ఒక్కటి మాత్రం ఈ ప్రాక్సీ చేతిలో లేదు. ముందు www లాంటిదేమీ లేని ఉత్త డొమైన్‌కి డీఎన్ఎస్‌లో సీనేమ్ (ఒక పేరుని ఇంకో పేరుకి చూపించే రికార్డు) పెట్టడం కుదరదు. అందుకని కొందరు కస్టమర్లు మా ఐపీని నేరుగా రాసుకున్నారు. వాళ్లు ఉన్నంతకాలం ఆ ఐపీని మేం వదులుకోలేం.