కోనోకార్పసా, వాక్కాయా, తంగేడా: ప్రహరీ పక్కన ఏది మేలు?

కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు నర్సరీకి వెళ్లి అడిగేది దాదాపు ఒకటే: "గోడ పక్కన గుబురుగా, తొందరగా ఎదిగేది ఏదైనా ఇవ్వండి." నర్సరీవాళ్లు చూపించేవి కూడా దాదాపు రెండే: కోనోకార్పస్, లేదంటే పసుపు ఆకుల డ్యూరాంటా. వాటితో పాటు మన నేల ఎరిగిన వాక్కాయ, తంగేడు, గోరింటలను కూడా చూద్దాం. అందం, నీడ, ఖర్చు ఎలాగూ అందరూ చూసుకుంటారు. నేను చూసేది మాత్రం ఆ కంచెను మనతో పాటు ఇంకెవరు వాడుకుంటారని.

కోనోకార్పస్‌కు రావలసిన మార్కులు ముందే వేసేద్దాం. వేగంలో దానికి సాటి లేదు. ఎండకు, ఉప్పు నేలకు, రోడ్డు పొగకు ఓర్చుకుంటుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. ఎర్ర సముద్రం దగ్గరి సోమాలియా, జిబూతీ, యెమెన్‌లు దాని సొంత ఊళ్లు మరి, ఎండ దానికి ఓ లెక్క కాదు. 2015లో మొదలైన హరితహారం రోజుల్లో తెలంగాణ రోడ్ల డివైడర్లలో అది అంతగా కనిపించడానికి కారణం ఇదే. తర్వాత తెలంగాణలోనూ, 2023లో గుజరాత్‌లోనూ ఇక నాటొద్దని ప్రభుత్వాలే చెప్పాయి. పుప్పొడి వల్ల ఎలర్జీ వస్తుందని, వేళ్లు పైపుల్లోకి దూరుతున్నాయని ఫిర్యాదులు. ఆక్సిజన్ బదులు కార్బన్ డయాక్సైడ్ వదులుతుందని వాట్సాప్‌లో తిరిగే మాట మాత్రం నమ్మకండి. పట్టపగలు ఎండలో ఏ పచ్చని ఆకూ అలా చేయదు.

నా అభ్యంతరం వేరే. కోనోకార్పస్ కాయలో పిట్ట తినే గుజ్జు లేదు. దాని ఆకును మేసే మన గొంగళిపురుగులు కనిపించడం అరుదు. ఆకుకు చిల్లు పడకపోవడమే దాని గొప్ప అని అమ్మేవాళ్లు చెబుతారు. అసలు లోపం అదే.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. రెక్కలొచ్చి ఎదిగిన సీతాకోకచిలుక ఏ ఊరి పువ్వులోనైనా తేనె తాగుతుంది. అమెరికా నుంచి వచ్చి మన అడవులను ఆక్రమించిన లాంటానా మీద కూడా గుంపులుగా వాలుతుంది. దాన్ని చూసి మురిసిపోతాం. కానీ గుడ్లు పెట్టే వేళకు దానికి కావలసిన ఆకు వేరు. మీ కరివేపాకు చెట్టు మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగును ఎప్పుడైనా చూశారా? నల్ల రెక్కల మీద తెల్ల మచ్చలుండే సీతాకోకచిలుక పిల్ల అది. కరివేపాకో, నిమ్మో, వాటి చుట్టాలో లేకపోతే దానికి బతుకు లేదు. గింజలు తినే ఊరపిచ్చుక కూడా గూట్లోని పిల్లలకు పెట్టేది పురుగులనే. పువ్వులు మాత్రమే ఉన్న తోట టీ కొట్టు లాంటిది, తాగి పోవడానికే పనికొస్తుంది, అక్కడ ఎవరూ కాపురం పెట్టరు.

డ్యూరాంటాకు ఈ లెక్కన సగం మార్కులు. అదీ అమెరికా ఖండం మొక్కే. ఊదా పూలకు సీతాకోకచిలుకలు వస్తాయి, నారింజ రంగు కాయల కోసం పిగిలిపిట్టలు వస్తాయి. కానీ ఆ కాయలు మనుషులకు విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆలోచించాలి. పైగా మనం పెంచే పసుపు ఆకుల రకాన్ని కత్తెరతో పెట్టెలా కత్తిరిస్తూనే ఉంటాం, ఇక పూసేదెప్పుడు?

తంగేడు దగ్గరికి వస్తే నాకు పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చే పువ్వు. పండుగ ముందు బీడు భూముల్లో వెతుక్కుని తెచ్చుకుంటాం తప్ప, ఇంటి ముందు వేసుకోవాలని చాలామందికి తట్టదు. ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే జీతం. అది కూడా కేసరాల కొనన ఉన్న సన్నని రంధ్రంలోంచి రావాలి. నల్లటి పెద్ద తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్లు అదిరించి ఝుమ్మంటే, ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. ఆకుల మీద లేత పసుపు, తెలుపు రంగుల వలస సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. ఆకుపచ్చని పురుగు ఈనె వెంబడి పడుకుంటే పట్టి చూస్తే గానీ కనపడదు.

మరి లోపాలు? తంగేడు గోడలా మూసుకోదు, కింద బోసిగా ఉంటుంది. నీడలో పూయదు. తల్లివేరు లోతుకు పోయే రకం కాబట్టి పెద్ద మొక్కను పెళ్లగించి తెచ్చి నాటితే చాలాసార్లు చస్తుంది. గింజ నాటడమే మంచిది. గింజ పైపొర గట్టిది, గరుకు రాయి మీద కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి వేయండి. మొలిచాక రోజూ నీళ్లు పోసి గారాబం చేయొద్దు.

అడ్డుగా నిలబడే కంచె కావాలంటే వాక్కాయే. జంట ముళ్లు, తోలులాంటి దట్టమైన ఆకులు, వేసవి ముందు మల్లెను తలపించే తెల్లపూలు. ఆ ముళ్ల మధ్య పిగిలిపిట్ట గూడు కడితే పిల్లి చేరడం కష్టం. వానల కాలంలో పిట్టలకు పండ్లు, మనకు వాక్కాయ పప్పు, పచ్చడి. కుదురుకున్నాక నీళ్ల బెంగ తక్కువ. దాని చిన్న చుట్టమైన కలివి పొద రాయలసీమ చిట్టడవుల్లో మామూలుగా కనిపిస్తుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే అరుదైన పిట్ట 1986లో మళ్లీ దొరికింది కడప జిల్లాలోని అలాంటి ముళ్లపొదల నేలలోనే. మన పెరట్లోకి కలివికోడి రాదు లెండి. కానీ మనం పనికిరాని కంప అని తేల్చేసే పొదల విలువ ఎంతో దాన్ని చూస్తే తెలుస్తుంది. వాక్కాయతో చిక్కల్లా ముళ్లు, నిదానం. మనిషి నడుము ఎత్తు గుబురు కట్టడానికి రెండు మూడు వానాకాలాలు ఓపిక పట్టాలి. నడిచే దారి పక్కన, పిల్లలు ఆడుకునే వైపు వేయకండి.

గోరింట మధ్యస్థం. కొమ్మ గుచ్చినా బతుకుతుంది, కత్తిరింపును తట్టుకుంటుంది, పూస్తే సాయంత్రం వాసన వీధి చివరిదాకా వస్తుంది, తేనెటీగలు ముసురుతాయి. కాకపోతే ఆషాఢంలో వీధివాళ్లంతా వచ్చి రెబ్బలు దూసుకుపోతే పూత తగ్గుతుంది. అది నష్టమని నేననను.

గుబురు కంచె అనగానే ఇంట్లో పెద్దవాళ్లు పాముల మాట ఎత్తుతారు. భయం ఊరికే వచ్చింది కాదు. పాము ఎలుకల కోసం వస్తుంది, ఎలుక చెత్త కోసం వస్తుంది. అన్నం మెతుకులు, కట్టెల కుప్ప కంచె మొదట్లో పడేయకుండా, మొదలు దగ్గర అడుగు ఎత్తు వరకు కొమ్మలు కోసేస్తే నేల కనిపిస్తూ ఉంటుంది. కోనోకార్పస్ కిందైనా ఈ జాగ్రత్త తప్పదు.

ఏడాదిలో పక్కింటి కిటికీ మూసేయడమే మీ అవసరమైతే వీటిలో ఏ మన మొక్కా కోనోకార్పస్‌ను గెలవదు. అలాంటప్పుడు గోడ మీద ఓ పరదా కట్టించుకుని, కింద వాక్కాయ నాటి ఆగమంటాను. ఆగగలిగితే వెనక గోడకు మూడడుగుల ఎడంతో వాక్కాయ, ఎండ తగిలే ముందువైపు తంగేడు, గేటు పక్కన ఒక గోరింట, వంటగది పక్కన కరివేపాకు. ఆకులకు చిల్లులు పడగానే మందు కొట్టేవాళ్లయితే ఈ ఏర్పాటు వద్దు. వేపనూనె కూడా ఆ పురుగుల్ని చంపుతుంది, అప్పుడు ఈ మొక్కలకూ కోనోకార్పస్‌కూ తేడా ఉండదు. వాక్కాయ మొక్కలు అటవీ శాఖ నర్సరీల్లో, పండ్ల మొక్కలమ్మే చోట అడగండి. మృగశిర కార్తెలో మొదటి వాన పడ్డాక నాటితే ఆ ఏడాది మోసే నీళ్లు సగం తప్పుతాయి.