జర్మన్ షెపర్డ్: వర్కింగ్ లైనా, షో లైనా?

పొద్దున చిట్టిని వాకింగ్‌కి తీసుకెళ్తే కనీసం ఒకరైనా ఆపుతారు. "ఇది అల్సేషియనేనాండీ? తోడేలులా ఉందేంటి?" చిట్టి బూడిద రంగు వర్కింగ్ లైన్ జర్మన్ షెపర్డ్, అంటే పని కోసం పెంచుతూ వచ్చిన వంశం. డాగ్ షోలలో అందం పోటీల కోసం పెంచేది షో లైన్. ఆ మాట చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది: "మేమూ కొందామనుకుంటున్నాం, ఏ లైన్ తీసుకోమంటారు?" రెండు రకాలూ మా ఇంట్లో పెరిగాయి కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను.

రూపం సంగతి చూడగానే తెలిసిపోతుంది. ఎర్రటి ఒంటి మీద నల్లటి జీను పరిచినట్టుండి, వీపు వెనక్కి వాలుతూ ఉంటే షో లైన్. వీపు కాస్త సమంగా, రంగు బూడిదగానో పూర్తి నలుపుగానో ఉంటే ఎక్కువగా వర్కింగ్ లైన్. 1899లో ఈ జాతికి పునాది వేసిన స్టెఫానిట్జ్ పనికొచ్చే గొర్రెల కాపరి కుక్క కావాలని పట్టుబట్టిన మనిషి. తమాషా ఏంటంటే, ఈ జాతిలో మొదట నమోదైన కుక్క హోరాండ్‌ని ఆయన చూసి కొన్నది ఒక డాగ్ షోలోనే.

వర్కింగ్ లైన్‌కి చురుకు ఎక్కువని, పని చెప్పకపోతే సోఫా చింపేస్తుందని అందరూ అంటారు. నిజమే. చిట్టికి రోజుకు రెండు గంటలు ఇవ్వకపోతే మా చెప్పులు మిగలవు. కానీ అసలు తేడా అక్కడ లేదు, గుండె నిబ్బరంలో ఉందని నా అభిప్రాయం.

అంతకుముందు మా దగ్గరున్న బ్రూనో షో లైన్. చూడ్డానికి రాజులా ఉండేవాడు. దీపావళి వస్తే మాత్రం రెండు రోజులు మంచం కింద నుంచి బయటికి వచ్చేవాడు కాదు. నిమజ్జనం డీజే మా వీధిలోకి తిరిగితే వణికిపోయేవాడు. అలా భయపడ్డ రోజునే, ముద్దు చేయబోయిన మా అబ్బాయిని కరిచాడు. ఇంట్లో జరిగే కాట్లకు చాలాసార్లు కారణం కోపం కాదు, భయం. చిట్టి అయితే బాంబు పేలితే తల ఎత్తి చూసి మళ్లీ పడుకుంటుంది.

ఇది షో లైన్ మొత్తం తప్పని కాదు. జర్మనీలో షో కుక్క పిల్లల్ని కనాలన్నా తుంటి ఎక్స్-రే, 20 కిలోమీటర్ల పరుగు పరీక్ష, ఐజీపీ (వాసన పట్టడం, మాట వినడం, యజమానిని కాపాడటం చూసే పరీక్ష) లాంటి పని పరీక్ష దాటాలి. ఆ ఐజీపీలో కుక్క పని చేస్తుండగానే తుపాకీ పేలుస్తారు, బెదిరితే ఫెయిలే. మన దగ్గర కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్ వంశం చెబుతుంది, ధైర్యం చెప్పదు. బ్రూనోకి కాగితాలన్నీ పక్కాగానే ఉన్నాయి. "వర్కింగ్ లైన్" అని అమ్మే పిల్లలకైనా ఇదే మాట. తల్లిదండ్రులు ఏ పనీ చేయకపోతే అది రంగుకు పెట్టిన పేరు మాత్రమే.

అందుకే తల్లిని చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. కొత్తవాళ్లని చూసి మూలకి నక్కే తల్లి అయితే వెనక్కి వచ్చేయండి. కుక్కపిల్లలకు కాస్త దూరంగా ఒక స్టీలు గిన్నె కింద పడేయండి. ఉలిక్కిపడటం మామూలే. అర నిమిషంలో తిరిగొచ్చి గిన్నెని వాసన చూసే పిల్ల కావాలి మీకు.

తుంటి జబ్బు రెండు లైన్లలోనూ వస్తుంది. తల్లిదండ్రుల ఎక్స్-రేలు అడగండి. లేవంటే బేరం వద్దు.

చెక్, తూర్పు జర్మనీ లైన్లు వర్కింగ్‌లోనే శాఖలు. మొదటిసారి పెంచేవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిది. ఇక "డబుల్ కోట్" అంటూ ఎక్కువ ధర చెప్పేవాళ్ల మాట నమ్మకండి. ఈ జాతిలో దాదాపు అన్నిటికీ రెండు పొరల బొచ్చే. వాళ్లు చూపించేది పొడుగు బొచ్చు.

నా మటుకు నేను మళ్లీ వర్కింగ్ లైనే తెచ్చుకుంటాను. కానీ ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇల్లయితే ధైర్యమున్న షో లైనే నయం. మా బావమరిదికి అదే చెప్పి, పోయిన నెల వాడితో కలిసి వెళ్లాను. ఐదు పిల్లలున్నాయి. గిన్నె పడేశాను. నాలుగు తల్లి వెనక్కి పోయాయి. ఐదోది కాసేపు చూసి, వచ్చి గిన్నెలో కూర్చుంది. దాన్నే తెచ్చుకున్నాడు.