డబుల్ బేస్ పక్కన ఆర్చ్‌టాప్ గిటార్: మోత త్వరగా ఆగడమే నాకు నచ్చింది

పై పలక వంపుగా ఉండే ఆర్చ్‌టాప్ అకూస్టిక్ గిటార్ మీద తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. మోత నిలబడదు, మీటగానే గట్టిగా పలికి వెంటనే తగ్గిపోతుంది అంటారు. ఒంటరిగా వాయించుకునేవాళ్లకు అది లోపమే కావచ్చు. డ్రమ్స్ లేకుండా, ఒక్క డబుల్ బేస్‌తో (నిలబెట్టి వాయించే, లోతుగా పలికే పెద్ద తీగవాద్యం) కలిసి జాజ్ వాయించే నాకు మాత్రం ఇందులో అన్నిటికన్నా నచ్చింది అదే. ఏళ్ల తరబడి వాడాక కూడా ఆ ఇష్టం తగ్గలేదు.

అంతకుముందు వాయించింది మామూలు స్టీల్ తీగల ఫ్లాట్‌టాప్, అంటే పై పలక చదునుగా ఉండే గిటార్. మంచి గిటారే. కానీ బేస్‌తో కలిస్తే కింది స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి గజిబిజిగా ఉండేవి. డబుల్ బేస్ పై తీగ జి. వేలితో నొక్కకుండా మీటితే 98 హెర్ట్జ్. గిటార్ ఆరో తీగ మూడో ఫ్రెట్ దగ్గర పలికేది కూడా సరిగ్గా అదే. అంటే బేస్ వాయించే నా స్నేహితుడు వాకింగ్ లైన్‌లో (బీట్‌కి ఒక నోట్ చొప్పున నడిచే వరుస) పై తీగల మీదికి వచ్చినప్పుడల్లా ఇద్దరం ఒకే చోట తిరుగుతున్నాం. పైగా ఫ్లాట్‌టాప్ మీద కొట్టిన కార్డ్ తర్వాతి బీట్ దాకా మోగుతూనే ఉంటుంది. అతని నోట్ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు.

ఆర్చ్‌టాప్ తెచ్చుకుని రిహార్సల్‌కి వెళ్లిన రోజు, ఎప్పుడూ వాయించే ట్యూనే, ఎప్పటి టెంపోలోనే మొదలుపెట్టాం. కాసేపటికే అతను ఆగి, "ఏం మార్చావ్ నువ్వు? నా నోట్ చివరి దాకా వినపడుతోంది నాకు" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టి బేస్ సోలోకి వచ్చాం. నాకు ఎప్పుడూ టెన్షన్ పుట్టించే చోటు అది. ఫ్లాట్‌టాప్‌తో కంపింగ్ చేస్తే (వెనక కార్డ్‌లు కొడితే) సోలో మునిగిపోయేది, పూర్తిగా ఆపేస్తే అతను ఒంటరివాడైపోయేవాడు.

ఆ రోజు మధ్య రెండు తీగలు మాత్రమే వాడాను. డి మైనర్ సెవెన్‌కి నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ ఐదో ఫ్రెట్. జి సెవెన్ రాగానే మూడో తీగ మీది వేలు ఒక ఫ్రెట్ వెనక్కి. సి మేజర్ సెవెన్‌కి నాలుగో తీగ మీది వేలు ఒక ఫ్రెట్ వెనక్కి. కార్డ్‌లో తప్పనిసరిగా వినిపించాల్సిన మూడో స్వరం, ఏడో స్వరం ఆ రెండు తీగల్లోనే ఉన్నాయి. మిగతాది అతని పని. రెండో బీట్, నాలుగో బీట్ మీద తాకి వెంటనే ఎడమచేతి వేళ్ల ఒత్తిడి సడలిస్తే చాలు, స్వరం అక్కడికక్కడే ఆగిపోతోంది. సోలో మధ్యలో అతను ఒక బార్ మొత్తం ఖాళీగా వదిలేశాడు. అయినా స్వింగ్, అంటే జాజ్ లయలోని ఊపు, చెడలేదు. అంతకుముందు అంత ధైర్యంగా ఖాళీ వదలడం నేను చూడలేదు.

దీని నిర్మాణంలోనే ఆ గుణం ఉంది. పై పలక వంపుగా ఉంటుంది. తీగల్ని మోసే బ్రిడ్జ్ పలకకు అతికి ఉండదు, తీగల ఒత్తిడికి నిలబడుతుంది. తీగలు దాని మీదుగా వెళ్లి గిటార్ చివర ఉండే టెయిల్‌పీస్‌కి తగులుకుంటాయి. డబుల్ బేస్ కట్టుబడి కూడా ఇదే. అందుకే ఇవి రెండూ ఒకే కుటుంబంలా పలుకుతాయని నాకనిపిస్తుంది. గిటారిస్ట్ ఫ్రెడ్డీ గ్రీన్ 1937లో కౌంట్ బేసీ జాజ్ ఆర్కెస్ట్రాలో చేరి, 1987లో చనిపోయేదాకా అందులో వాయించింది ఇలాంటి గిటారే. ఆయనకు అంత పెద్ద బ్యాండ్‌లో వినపడటానికి పనికొచ్చిన గుణం, ఇద్దరే ఉన్నప్పుడు పక్కవాడికి చోటివ్వడానికి పనికొస్తోంది.

నెమ్మది పాటల్లో మాత్రం ఇంత పొగడలేను. బ్యాలడ్‌లో మెలొడీ వాయిస్తుంటే పొడవాటి స్వరం కావాలి, అది దొరకదు. స్వరాల మధ్య ఖాళీని అతనే నింపాలి, లేదా నేను కార్డ్‌లు ఎక్కువ వాడాలి. కొన్నాళ్లు అతను గట్ తీగలు (జంతువుల పేగుతో చేసినవి) వేసి చూశాడు. వేగంగా వాయించేటప్పుడు అద్భుతం. నెమ్మదించేసరికి ఇద్దరి మోతా ఒకేసారి ఆగిపోయి పాట పొడిబారింది. మళ్లీ స్టీల్‌కి వచ్చేశాడు. అతను విల్లుతో వాయించినప్పుడైతే నేను దాదాపు వినపడను. ఇంకొకటి, తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకూడదు, బ్రిడ్జ్ జరిగి ఫ్రెట్‌ల మీద శృతి తప్పుతుంది.

గిటారిస్ట్ జిమ్ హాల్, బేసిస్ట్ రాన్ కార్టర్ 1972లో జంటగా వాయించి రికార్డు చేసింది విని ఇది కొనాలనుకుంటే ఒక్క క్షణం ఆగండి. హాల్ వాయించింది ఆంప్లిఫయర్‌కి (ఆంప్) కలిపిన ఎలక్ట్రిక్ గిటార్, ఆ మెత్తదనం ఇందులో రాదు. మేం వాయించేది చిన్న గదుల్లో. అతను ఆంప్ వాడడు, నా చేయి కాస్త బరువు, గట్టిగా మీటుతాను. మీ బేసిస్ట్ ఆంప్ పెట్టుకునే మనిషైతే ముందు ఒక పూట ఎవరిదైనా అరువు తెచ్చుకుని అతని పక్కన వాయించి చూడండి. వినపడకపోతే ఎలక్ట్రిక్కే నయం.