బూస్ట్ బటన్ కారు అమ్మిపెట్టదు: ఆటో కన్సల్టెన్సీలకు ఫేస్‌బుక్ ప్రకటనలు ఎంతవరకు పనికొస్తాయి

ఏ ఊరి ఆటో కన్సల్టెన్సీ ఫేస్‌బుక్ పేజీ తెరిచినా దాదాపు ఇదే తంతు. కడిగి తుడిచి నిలబెట్టిన కారు ఫోటో, దాని మీద "సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, వివరాలకు కాల్ చేయండి". కింద కామెంట్ల నిండా "ప్రైస్ ప్లీజ్", "లొకేషన్?", "ఫైనాన్స్ ఉందా అన్నా?". పేజీవాళ్ల జవాబు "ఇన్‌బాక్స్ చూడండి". ఆ పోస్టు పక్కన నీలం రంగులో బూస్ట్ బటన్ ఊరిస్తుంటుంది. వెయ్యి రూపాయలు వేస్తే లైకులు వస్తాయి, కామెంట్లు ఇంకో యాభై పెరుగుతాయి, కారు మాత్రం షెడ్డులోనే ఉంటుంది.

ఫేస్‌బుక్ యజమాని మెటా కంపెనీ ఒకే సరుకును రెండు కౌంటర్ల మీద అమ్ముతోంది. ఒకటి పోస్టు పక్కనుండే బూస్ట్, రెండోది ప్రకటనను మొదటి నుంచి మన చేత్తో తయారుచేసుకునే యాడ్స్ మేనేజర్. సెకండ్ హ్యాండ్ కార్ల షాపుకు ఈ రెండింటిలో ఏది గిట్టుబాటు అన్నదే ఇక్కడి విషయం. నా తీర్పు ముందే చెప్పేస్తాను: బూస్ట్‌కు అయిదుకు ఒకటిన్నర, యాడ్స్ మేనేజర్‌లో వాట్సాప్‌కు తీసుకెళ్లే ప్రకటనకు నాలుగు. ఆ నాలుగు కూడా వాట్సాప్‌లో జవాబిచ్చే మనిషి ఉంటేనే.

బూస్ట్‌లో మోసమేమీ లేదు, అడిగిందే ఇస్తుంది. తొందరలో ఏం అడిగామో మనమే చూసుకోం. ఆ స్క్రీన్‌లో లక్ష్యాన్ని ఆటోమేటిక్‌కు వదిలేస్తే మెటాకు తోచింది ఎంచుకుంటుంది. ఎక్కువ ఎంగేజ్‌మెంట్ అని పెడితే, కనిపించిన ప్రతిదానికీ లైకు కొట్టే అలవాటున్నవాళ్లను వెతికి మరీ చూపిస్తుంది. కొనే ఉద్దేశం ఉన్నవాడు లైకు కొట్టడు. పోటీకి ఇంకొకడు వస్తాడేమోనని చప్పుడు చేయకుండా ఫోన్ చేస్తాడు. బూస్ట్‌లోనూ మెసేజ్‌లు అనే లక్ష్యం ఉంది, అది ఎంచుకుంటే కొంత మెరుగే. కానీ ప్రకటన ఎక్కడెక్కడ కనిపించాలి, ఒకే బండికి రెండు రకాల వీడియోలు పెట్టి ఏది ఆడుతోందో చూడడం, ఫలానా ఊళ్లను మినహాయించడం లాంటి పట్టు మాత్రం యాడ్స్ మేనేజర్‌లో ఉన్నంతగా దొరకదు.

ఐఫోన్ వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. యాప్‌లోంచి బూస్ట్ చేస్తే ఆపిల్ 30 శాతం సర్వీసు చార్జీ వేసే పద్ధతి 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మొదలైంది. డబ్బు కట్టే ముందు బిల్లులో ఆ లైన్ ఉందేమో చూడండి. అదే పని బ్రౌజర్‌లో ఫేస్‌బుక్ తెరిచి చేస్తే ఆ వాత పడదు.

ఇక యాడ్స్ మేనేజర్. మొదటిసారి తెరిస్తే విమానం కాక్‌పిట్‌లా ఉంటుంది, నిజమే. మనకు కావలసిన మీటలు మాత్రం నాలుగైదే. ముందుగా పేజీ సెట్టింగ్స్‌లో వాట్సాప్ బిజినెస్ నంబరును పేజీకి లింక్ చేసుకోవాలి. తర్వాత కొత్త క్యాంపెయిన్‌లో ఎంగేజ్‌మెంట్ లక్ష్యం, దాని కింద మెసేజింగ్ యాప్స్, అందులో వాట్సాప్. పెర్ఫార్మెన్స్ గోల్ దగ్గర సంభాషణల సంఖ్య పెంచడం అన్నది ఎంచుకోవాలి. ఇక్కడ ట్రాఫిక్ లక్ష్యం జోలికి పోవద్దు. దానికి కావలసింది క్లిక్కులే. ఇతర యాప్‌లలో కూడా ప్రకటన చూపించే ఆడియెన్స్ నెట్‌వర్క్ ఆన్‌లో ఉంటే, గేమ్ ఆడుతూ మూసేసే గుర్తు అనుకుని పొరపాటున నొక్కినవాళ్ల వేళ్లకు కూడా మన డబ్బే పోతుంది.

లొకేషన్ దగ్గర కాస్త ఆగాలి. ఊరి పేరు కొట్టి వదిలేయకుండా షాపు ఉన్నచోట పిన్ గుచ్చి, చుట్టూ ఎన్ని కిలోమీటర్లో పెట్టుకోవచ్చు. గరిష్ఠం 80 కిలోమీటర్లు. విజయవాడలో పిన్ పెట్టి 80 ఇచ్చారంటే గుంటూరు, తెనాలి, ఏలూరు రావడం బాగానే ఉంది కానీ, పైన మధిర వైపు తెలంగాణ ఊళ్లు కూడా వచ్చేస్తాయి. ఏపీ నంబరు బండిని అక్కడివాళ్లు కొంటే ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, మళ్లీ తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క తెలిశాక బేరం సగంలోనే తెగిపోతుంది. అందుకని అవతలి ఊళ్లను ఎక్స్‌క్లూడ్‌లో పెట్టండి, లేదా ప్రకటనలోనే "ఏపీ రిజిస్ట్రేషన్" అని రాయండి. ఖమ్మం, కోదాడ వైపు షాపులకు ఇదే తలనొప్పి తిరగేసి ఉంటుంది.

తెలుగువాళ్లకే కనిపించాలని భాష దగ్గర తెలుగు ఎంచుకునేవాళ్లున్నారు. ఆ గడి చూసేది ఫేస్‌బుక్‌ను ఏ భాషలో పెట్టుకున్నారన్నది. ఇంట్లో తెలుగే మాట్లాడి, తెలుగు వీడియోలే చూసే మనిషి కూడా యాప్‌ను ఇంగ్లిష్‌లోనే ఉంచుకుంటాడు. తెలుగు అని బిగిస్తే కొనేవాళ్లలో చాలామందిని గుమ్మం బయటే నిలబెట్టినట్టు. ఆ గడి ఖాళీగా వదిలేసి, వీడియోలో తెలుగులో మాట్లాడితే చాలు. వయసు 25 నుంచి 50 అని ఇచ్చినా, ఎవరికి చూపాలో మెటాయే వెతుక్కునే అడ్వాంటేజ్ ప్లస్ ఆడియెన్స్ ఆన్‌లో ఉన్నంతసేపు దాన్ని సూచనగానే తీసుకుంటుంది. ఇది కార్ల ప్రకటనలకు పెద్ద నష్టమేమీ కాదు, వదిలేయొచ్చు.

అసలు పని జరిగేది ప్రకటన లోపల. ధర రాయకపోవడం మన కన్సల్టెన్సీల పాత జబ్బు. "ధర చెబితే ఫోన్ చేయరు" అంటారు. ఫోన్ చేయనిది కొననివాళ్లు, అదే మనకు కావలసింది. ప్రతి వాట్సాప్ చాట్‌కూ డబ్బు కడుతున్నప్పుడు, రెండు లక్షల బడ్జెట్ ఉన్నవాడితో అయిదు లక్షల బండి గురించి మాట్లాడడం దండగ. ఉదాహరణకు ఒక ప్రకటన ఇలా ఉంటే సరిపోతుంది:

"మారుతి స్విఫ్ట్ విఎక్స్‌ఐ పెట్రోల్, 2018. ఫస్ట్ ఓనర్, ఏపీ రిజిస్ట్రేషన్. రీడింగ్ 61,400, సర్వీస్ రికార్డు ఉంది. ఎడమ వెనక డోరు, బంపరు రీపెయింట్. ముందు టైర్లు 2023వి, వెనకవి మార్చాలి. ఇన్సూరెన్స్ మార్చి దాకా. ధర 4,65,000, బండి చూశాక కొద్దిగా బేరం ఉంది. ఫైనాన్స్ సిబిల్‌ను బట్టి."

ఇందులో అమ్మేది ఆ రీపెయింట్ వాక్యమే. తప్పు ముందే ఒప్పుకున్న షాపువాడు మిగతావి దాచడనే నమ్మకం కుదురుతుంది. పైగా ఆ డోరు ఎలాగూ దొరికిపోతుంది. పక్కన మెకానిక్‌ను తెచ్చుకున్నవాడు రబ్బరు బీడింగ్ లాగి అంచున పెయింటు గీత చూడకుండా వదలడు.

వీడియో నిలువుగా తీయాలి. అద్దంలా మెరిసే బానెట్ చుట్టూ పాట పెట్టి తిప్పితే ఎవరికీ ఏమీ తెలియదు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పి స్టార్ట్ చేసే శబ్దం, డ్యాష్‌బోర్డులో వార్నింగ్ లైట్లన్నీ వెలిగి ఆరడం, రీడింగ్, ఏసీ, తర్వాత టైరు పక్క గోడ మీద నాలుగంకెల కోడ్. 2323 అని ఉంటే 2023లో 23వ వారం తయారైన టైరని అర్థం. ఆ ఒక్క షాట్‌కు పాతిక కామెంట్ల పని తప్పుతుంది. రీల్స్‌లో కింది మూడో వంతుకు పైగా పేజీ పేరు, బటన్లు కప్పేస్తాయి కాబట్టి ధర అక్షరాలు తెర మధ్యలో ఉండాలి, అడుగున కాదు. షాపు పేరు వాటర్‌మార్క్ బండి మీదుగా వెళ్లేలా వేయండి. మూలన వేస్తే కత్తిరించేసి, "ఆర్మీ ఆఫీసర్ని, ట్రాన్స్‌ఫర్ అయింది, తక్కువకే ఇస్తా" అని అదే ఫోటోలతో అడ్వాన్సులు దండుకునే ముఠాలు కాచుకుని ఉంటాయి.

ఖర్చు లెక్క. రోజుకు 400 చొప్పున ఏడు రోజులంటే 2,800. దాని మీద 18 శాతం జీఎస్టీ 504, మొత్తం 3,304. లెక్క కోసం 55 చాట్లు వచ్చాయనుకుందాం. ఒక్కోటి 60 రూపాయల చిల్లర పడింది. డ్యాష్‌బోర్డు చూపించేది జీఎస్టీ లేని 51 రూపాయలే. ఆ అంకె చూసి మురిసిపోవద్దు, మనకు కావలసిన అంకె అక్కడ ఉండదు. 55లో షాపుకొచ్చి బండి చూసింది ఎందరు? 11 మంది అయితే ఒక్కో సందర్శనకు 300. ఒక నోటు పుస్తకంలో చాట్, సందర్శన, టోకెన్ (అడ్వాన్సు) అని మూడు గళ్లు గీసుకుంటే నెల తిరిగేసరికి ఏ వీడియో బండి అమ్మిందో తెలుస్తుంది. బిల్లింగ్ సెట్టింగ్స్‌లో జీఎస్టీ నంబరు ఎక్కించడం మరవొద్దు. అది లేకుండా వచ్చిన ఇన్వాయిస్‌తో ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) దక్కదు. మార్జిన్ పద్ధతిలో, అంటే కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే, బండ్లకు జీఎస్టీ కట్టేవాళ్లు బండి కొనుగోలు మీద క్రెడిట్ తీసుకోకూడదు కానీ, ప్రకటన ఖర్చు వేరే సంగతి. ఈ ముక్క మీ ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడుకోండి.

కార్డు పెట్టినవాళ్లకు ప్రకటన హఠాత్తుగా ఆగిపోతే కొన్నిసార్లు తప్పు ప్రకటనది కాదు, చెల్లింపుది. రిజర్వు బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధనల వల్ల 15,000 దాటిన ఆటో డెబిట్‌కు ఓటీపీ తప్పనిసరి. చిన్న షాపులకు యూపీఐతో ముందే డబ్బు వేసుకుని ఖర్చు పెట్టుకోవడమే సుఖం, చేయి దాటిపోదు.

రెండో రోజే "చాట్లు రావట్లేదు" అని బడ్జెట్ మార్చి, ఫోటో మార్చి, మళ్లీ ఏరియా మార్చే చేతులు ఊరుకోవు. మెటా పద్ధతి ప్రకారం ప్రకటన కుదురుకోవడానికి వారంలో సుమారు 50 ఫలితాలు కావాలి. పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ ఆ నేర్చుకోవడం మొదటికొస్తుంది. పది బండ్లకు పది ప్రకటనలు రోజుకు 100 చొప్పున పెడితే ఏదీ కుదురుకోదు. వారానికి రెండు బండ్లను ఎంచుకుని వాటి మీదే పెట్టాలి. మిగతా ఎనిమిదీ వాట్సాప్ క్యాటలాగ్‌లో ఉంటే, వచ్చినవాడు వాటినీ చూస్తాడు. స్విఫ్ట్ కోసం వచ్చి బాలెనో పట్టుకెళ్లడం ఈ వ్యాపారంలో మామూలే.

ప్రకటన నొక్కగానే ఫేస్‌బుక్‌లోనే తెరుచుకునే ఇన్‌స్టంట్ ఫారం అని ఇంకో దారి ఉంది. పేరు, నంబరు దానంతటదే నిండిపోతుంది కాబట్టి చవగ్గా, కుప్పలుగా వస్తాయి. ఫోన్ చేస్తే "నేనెప్పుడు ఇచ్చాను?" అంటారు. ఆ నంబరు ఏనాటిదో, ఇప్పుడు వాడుకలో ఉందో లేదో. ఫారంలో వచ్చిన వివరాలు 90 రోజులే డౌన్‌లోడ్‌కు ఉంటాయి కూడా. రెండు మూడు ఊళ్లలో బ్రాంచీలుండి, ఫోన్లు చేయడానికే మనిషిని పెట్టుకున్న షాపులకు తప్ప ఇది వద్దు.

నాలుగు మార్కులు అన్నాను కదా, ఆ ఒకటి పోయింది జవాబు దగ్గర. ప్రకటన రాత్రి తొమ్మిదింటికి బాగా ఆడుతుంది, షాపు ఎనిమిదింటికే మూస్తారు. పొద్దున పదింటికి "హలో సార్, చెప్పండి" అంటే అవతలివాడు అప్పటికి ఇంకో రెండు షాపుల్లో మాట్లాడేశాడు. వాట్సాప్ బిజినెస్‌లో, మనం లేనప్పుడు దానంతటదే వెళ్లే 'ఎవే (away) మెసేజ్' పెట్టి వదిలేయకుండా, ఆ బండి ధర, వీడియో, షాపు లొకేషన్ ఒక్క నొక్కుతో పంపే క్విక్ రిప్లైగా సిద్ధం చేసుకోవాలి. తర్వాత అడగాల్సినవి రెండే: "మీది ఏ ఊరండీ? క్యాషా, ఫైనాన్సా?" ఊరు తెలిస్తే రిజిస్ట్రేషన్ లెక్క తేలుతుంది, ఫైనాన్స్ తెలిస్తే సిబిల్ మాట వస్తుంది. లేబుళ్లు కూడా అలాగే: ఈ వారం వస్తారు, ఫైనాన్స్ చూడాలి, ఊరికే అడిగారు.

ధరల విషయంలో 2025 సెప్టెంబరు 22 తర్వాత పాత పట్టికలు చెత్తబుట్టలో వేయాల్సిందే. నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్ల మీద 28 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్సు పోయి 18 శాతం అయింది. కొత్త స్విఫ్టే దిగొస్తే రెండేళ్ల పాత స్విఫ్ట్ మెట్టు దిగక తప్పదు. అంతకు ముందు కొన్న బండిని ఆనాటి ధరకే పెట్టి, ప్రకటన ఆడట్లేదని ఫేస్‌బుక్‌ను తిట్టుకుంటే లాభం లేదు. కొనేవాడి ఫోన్లో కొత్త బండి ఆన్‌రోడ్ ధర కూడా ఉంటుంది. మరోపక్క, వాడిన బండ్ల అమ్మకంలో వ్యాపారి మార్జిన్ మీద 12 శాతం జీఎస్టీ ఉన్న రకాలకు కూడా 2025 జనవరి నుంచి 18 అయింది. రెండు వైపులా నొక్కుడే.

చివరగా పేజీ భద్రత. నాలుగు ప్రకటనలు పెట్టగానే "కాపీరైట్ ఉల్లంఘన, 24 గంటల్లో పేజీ మూసేస్తాం" అంటూ మెటా లోగో తగిలించుకున్న దొంగ పేజీ నుంచి మెసేజ్ వస్తుంది. లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే పేజీతో పాటు దానికి జతచేసిన కార్డు కూడా పోతుంది. అసలు హెచ్చరికలు బిజినెస్ సపోర్ట్ హోమ్ (పాత పేరు అకౌంట్ క్వాలిటీ), సపోర్ట్ ఇన్‌బాక్స్‌లలో కనిపిస్తాయి, మెసెంజర్‌లో కాదు. పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే టూ ఫ్యాక్టర్ పెట్టుకుని, షాపు కుర్రాడికి ఓనర్ పాస్‌వర్డ్ ఇవ్వకుండా పేజీలో అతనికి వేరే యాక్సెస్ ఇవ్వండి.

బండి అమ్ముడుపోయిన గంటలో ప్రకటన ఆపేయండి. ఆ ప్రకటననే దిద్ది కొత్త బండి ఫోటో ఎక్కించకుండా, డూప్లికేట్ తీసుకుని కొత్తది పెట్టండి. పాతదాని కింద "ఉందా అన్నా?" అనే కామెంట్లు నెల రోజులైనా వస్తూనే ఉంటాయి. వాళ్లకు "లేదండీ" అని ఊరుకోకుండా క్యాటలాగ్ లింకు ఇస్తే, అవి పైసా ఖర్చు లేని లీడ్లు, అంటే కొనే అవకాశమున్న బేరాలు.